కాగితం మీద 73.. పరీక్షలో 26!

రుడాల్ఫ్ డీజిల్ జీవితం నేర్పే మైలేజ్ లెక్క

మెకానికల్, ఆటోమొబైల్ బ్రాంచీల వాళ్లకి ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న పడిందనుకుందాం. టర్బో ఇంజిన్ ఉన్న ఫ్యామిలీ సెడాన్ ఒకటుంది. కంపెనీ కాగితాల్లో లీటరుకు 20 కిలోమీటర్లు అని ఉంది. కొన్నాయన సిటీలో 12 దాటట్లేదంటున్నాడు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

కంపెనీలు అబద్ధాలు చెప్తాయి సార్ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మార్కులు పడవు. కాగితం మీది అంకె వేరు, పరీక్ష గదిలో వచ్చే అంకె వేరు, వాడేవాడి చేతిలో వచ్చే అంకె వేరు. మూడూ నిజమే కావచ్చు. ఈ సంగతి తన జీవితమంతా పెట్టి తెలుసుకున్న ఇంజినీర్ ఒకరున్నారు. ఆయన పేరు మనం రోజూ పెట్రోలు బంకులో పలుకుతూనే ఉంటాం. ఆయనే రుడాల్ఫ్ డీజిల్.

యుద్ధం తరిమిన కుటుంబం

రుడాల్ఫ్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి థియోడోర్‌ది పుస్తకాల బైండింగ్, తోలు వస్తువుల పని. చేతిలో పనితనం ఉంది కానీ ఇంట్లో డబ్బు లేదు. 1870లో ఫ్రాన్సుకి, ప్రష్యాకి యుద్ధం మొదలైంది. పారిస్‌లో ఉన్న జర్మన్లంతా ఊరు వదలాల్సి వచ్చింది. కుటుంబం లండన్ చేరింది. అక్కడా బతుకు కష్టమే. దాంతో పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ని తండ్రి సొంతూరు ఆగ్స్‌బర్గ్‌కి, బంధువుల ఇంటికి పంపేశారు. అక్కడ ఆశ్రయమిచ్చిన బంధువు లెక్కల మాస్టారు. అదొక్కటే ఆ పిల్లాడి అదృష్టం.

ఆ ఇంట్లో ఉండి చదువుకుంటూ, పద్నాలుగేళ్లకే తాను ఇంజినీర్ అవుతానని తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. 1873లో స్కూల్లో ఫస్ట్ వచ్చాడు. 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో స్కాలర్‌షిప్‌తో సీటు తెచ్చుకున్నాడు. 1879లో ఫైనల్ పరీక్షల సమయానికి టైఫాయిడ్ పట్టుకుంది. తోటివాళ్లంతా డిగ్రీలు పుచ్చుకుని వెళ్లిపోయారు. తర్వాతి పరీక్షలొచ్చేదాకా రుడాల్ఫ్ ఖాళీగా కూర్చోలేదు. స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో సుల్జర్ బ్రదర్స్ అనే యంత్రాల ఫ్యాక్టరీలో చేరి చేతులకు నూనె పూసుకున్నాడు. మన మాటల్లో చెప్పాలంటే అదొక ఇంటర్న్‌షిప్. 1880 జనవరిలో పరీక్ష రాసి అత్యున్నత మార్కులతో బయటికొచ్చాడు. ఈ వింటర్‌థూర్ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

నోట్‌బుక్ అంచున రాసుకున్న మాట

మ్యూనిక్‌లో ఆయన గురువు కార్ల్ ఫాన్ లిండే. శీతలీకరణ యంత్రాల పితామహుల్లో ఒకరు. 1878లో ఒక థర్మోడైనమిక్స్ క్లాసులో లిండే ఒక లెక్క చెప్పాడు. మంచి ఆవిరి ఇంజిన్ కూడా బొగ్గులోని వేడిలో 6 నుంచి 10 శాతమే పనిగా మారుస్తుందని. అంటే 100 రూపాయల బొగ్గు కొంటే 90 రూపాయలు పొగగొట్టంలోంచి పోయినట్టే. ఫ్రెంచ్ ఇంజినీర్ సాది కార్నో 1824లోనే చెప్పిన ఆదర్శ చక్రం ప్రకారం ఇంతకన్నా ఎంతో ఎక్కువ రాబట్టవచ్చు. ఆ చక్రానికి దగ్గరగా నడిచే ఇంజిన్ కట్టలేమా? ఈ ఆలోచనని రుడాల్ఫ్ నోట్‌బుక్ అంచున రాసుకున్నాడు.

మనలో చాలామంది కార్నో సైకిల్‌ని 8 మార్కుల ప్రశ్నగా చదివి వదిలేస్తాం. ఆయన దాన్ని పదిహేనేళ్లు మోశాడు. చదువయ్యాక లిండే ఐస్ యంత్రాల వ్యాపారంలోనే పారిస్‌లో ఉద్యోగం. ఏడాదికే అక్కడి ప్లాంటుకి అధిపతి అయ్యాడు. 1883లో మార్తాతో పెళ్లి, తర్వాత ముగ్గురు పిల్లలు. పగలు ఉద్యోగం, మిగతా సమయం ప్రయోగాలు. ఆవిరికి బదులు అమ్మోనియాతో నడిచే ఇంజిన్ కోసం ఏళ్లు పెట్టాడు. అది ఫలించలేదు. కానీ ఎక్కువ పీడనం దగ్గర వాయువులు ఎలా ప్రవర్తిస్తాయో చేతికి అంటింది. 1890లో బెర్లిన్‌కి మారాక అసలు ఆలోచన గట్టిపడింది.

సైకిల్ పంపు సూత్రం

ఆలోచన చెప్పుకుంటే తేలికే. సైకిల్‌కి గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం వేడెక్కుతుంది కదా. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. ఇంకా ఇంకా నొక్కితే, అందులో ఇంధనం పడగానే దానంతట అదే అంటుకునేంత వేడి పుడుతుంది. ఇక స్పార్క్ ప్లగ్ ఎందుకు? పెట్రోలు ఇంజిన్లో గాలీ ఇంధనం కలిపి నొక్కుతారు కాబట్టి ఒక హద్దు దాటితే ముందే పేలుతుంది. అదే ఇంజిన్ నాకింగ్. డీజిల్ ఒట్టి గాలినే నొక్కుతాడు, ఇంధనం ఆఖర్న వేస్తాడు. కాబట్టి ఎంత గట్టిగా నొక్కినా ముందే పేలే భయం లేదు. గట్టిగా నొక్కితే అదే చుక్క ఇంధనం నుంచి ఎక్కువ పని వస్తుంది.

1892 ఫిబ్రవరిలో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. ఏడాదికి వచ్చింది. 1893లో తన సిద్ధాంతాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. అందులో లెక్క ప్రకారం గాలిని 250 అట్మాస్ఫియర్ల దాకా నొక్కాలి. అప్పుడు సామర్థ్యం 73 శాతం. 10 శాతం దగ్గర ఆగిపోయిన ప్రపంచానికి 73 అనే అంకె చూపించాడు.

ఆ అంకె నిజం కాదని ఆయనకే త్వరలో తెలిసింది. ఆయన మొదట అనుకున్నట్టు, మండేటప్పుడు ఉష్ణోగ్రత పెరగకుండా నడిపితే ఇంజిన్ నుంచి మిగిలే పని చాలా తక్కువ. అంత పీడనం దగ్గర పిస్టన్ ఘర్షణకే అది చాలదు. అదే ఏడాది చివర్లో పద్ధతి మార్చి రెండో పేటెంట్ తీసుకున్నాడు. ఉష్ణోగ్రతకి బదులు పీడనం స్థిరంగా ఉండేలా ఇంధనం మండించాలి. పీడనం కూడా బాగా తగ్గించాలి. మన పుస్తకాల్లో డీజిల్ సైకిల్ అని గీసే బొమ్మ ఈ రెండో ఆలోచనదే. మొదటిదాన్నే పట్టుకుని కూర్చుంటే ఈరోజు ఆయన పేరు ఎవరికీ తెలిసేది కాదు.

పేలిన పరికరం, ఆగని పని

ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీ అధిపతి హైన్రిష్ ఫాన్ బుజ్ ప్రయోగాలకు ఒప్పుకున్నాడు. ఉక్కు కంపెనీ క్రుప్ కూడా డబ్బుతో జతకలిసింది. చదువుకున్న ఊరికే ఇంజినీర్‌గా తిరిగొచ్చాడు డీజిల్.

1893 ఆగస్టు 10న మొదటి ఇంజిన్‌ని బయటి నుంచి బెల్టుతో తిప్పి, సిలిండర్‌లోకి ఇంధనం వదిలారు. పెద్ద శబ్దంతో పీడనం కొలిచే పరికరం ముక్కలై ఎగిరిపోయింది. పక్కనున్నవాళ్లు తృటిలో తప్పించుకున్నారు. చూసేవాళ్లకి అది ఫెయిల్యూర్. డీజిల్‌కి మాత్రం రుజువు. స్పార్క్ లేకుండానే ఇంధనం అంటుకుంది! కానీ ఆ ఇంజిన్ సొంతంగా నడవలేదు. మార్పులు చేసి, 1894 ఫిబ్రవరి 17న మళ్లీ తిప్పితే తన బలంతో తాను తిరిగింది. ఎంతసేపో తెలుసా? దాదాపు ఒక్క నిమిషం. మొదటి పరికరం పేలిన ఆరు నెలలకి దక్కింది ఆ ఒక్క నిమిషమే.

ఆ నిమిషాన్ని నమ్మదగిన యంత్రంగా మార్చడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఇంధనాన్ని సరైన క్షణంలో, సరైన తుంపరగా సిలిండర్‌లోకి పంపడమే అతిపెద్ద తలనొప్పి. చివరికి బాగా నొక్కిన గాలితో ఇంధనాన్ని ఊదే పద్ధతి కుదిరింది.

వేరేవాళ్ల చేత కొలిపించాడు

1897 ఫిబ్రవరి 17. ఈ కథలో అతి ముఖ్యమైన రోజు ఇదే. ఇంజిన్ రెడీ అయింది. ఒకే నిలువు సిలిండర్, 250 మిల్లీమీటర్ల బోర్, 400 మిల్లీమీటర్ల స్ట్రోక్. డీజిల్ తన అంకె తనే ప్రకటించుకోవచ్చు. అలా చేయలేదు. మ్యూనిక్ పాలిటెక్నిక్ ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ వచ్చి పరీక్ష నడిపాడు. ఎంత ఇంధనం పోశారు, బయటికి ఎంత పని వచ్చింది, నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగింది, నీళ్లతో ఎంత వేడి పోయింది.. అన్నీ కొలిచారు.

తేలింది 26.2 శాతం. నిమిషానికి 154 చుట్ల దగ్గర దాదాపు 18 హార్స్ పవర్. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే, ఒక యూనిట్‌కి సమానమైన పనికి సుమారు 320 గ్రాముల ఇంధనం.

73 ఎక్కడ, 26 ఎక్కడ? కాగితంతో పోలిస్తే మూడో వంతుకి కాస్త పైన. అయినా చరిత్రలో నిలిచింది 26 అంకెే. ఎందుకంటే అది లోడ్ మీద, సొంతవాళ్లు కాని మనిషి, పద్ధతి ప్రకారం కొలిచి చెప్పింది. ఆవిరి ఇంజిన్ కన్నా రెండున్నర రెట్లకు పైగా మెరుగు. ఆ జూన్‌లో కాసెల్ నగరంలో జర్మన్ ఇంజినీర్ల సంఘం సమావేశంలో డీజిల్, ష్రోటర్ ఇద్దరూ ఫలితాలు వివరించారు. అంతే, లైసెన్సుల కోసం కంపెనీలు క్యూ కట్టాయి. అమెరికా హక్కుల కోసం వ్యాపారి అడాల్ఫస్ బుష్ ఏకంగా పది లక్షల మార్కులు చెల్లించాడు. ఆ ఇంజిన్ ఇప్పటికీ మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియంలో ఉంది.

కస్టమర్ చేతిలో ఏమైంది?

ఇక్కడితో కథ సుఖాంతం అయిపోవాలి. కాలేదు. 1898 నుంచి ఇంజిన్లు కస్టమర్ల దగ్గరికి వెళ్లడం మొదలైంది. మొదటి వాటిలో ఒకటి కెంప్టెన్ ఊళ్లోని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి వెళ్లింది. పరీక్ష గదిలో నిపుణుల మధ్య బాగా నడిచిన యంత్రం ఫ్యాక్టరీ నేల మీద మొరాయించింది. అక్కడ దాన్ని నడిపేది ప్రొఫెసర్లు కాదు, మామూలు మెకానిక్కులు. ఇంధనం నాణ్యత ఒకేలా ఉండదు, రోజంతా ఆపకుండా తిప్పాలి. ఫిర్యాదులు వెల్లువెత్తాయి. ఆగ్స్‌బర్గ్‌లో ఈ ఇంజిన్ల కోసం పెట్టిన కొత్త ఫ్యాక్టరీ కొద్దికాలానికే మూతపడింది.

అంటే మొత్తం మూడు మెట్లు. కాగితం, పరీక్ష గది, వాడేవాడి చేయి. మొదటి రెండు మెట్ల మధ్య దూరాన్ని డీజిల్ ఒప్పుకుని, సరిచేసుకుని, దాటాడు. రెండో మెట్టుకి మూడో మెట్టుకి మధ్య దూరాన్ని మాత్రం తక్కువ అంచనా వేశాడు. ఆ దూరాన్ని ఓపిగ్గా పూడ్చింది ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీ ఇంజినీర్లు, ఇతర దేశాల లైసెన్సుదారులు. మనం పేరు చెప్పుకునేది ఒక్కరిదే అయినా, ఇంజిన్ని నిలబెట్టింది ఇలాంటి ఎందరో.

కీర్తి, కోర్టులు, సముద్రం

డీజిల్ ఆరోగ్యం అప్పటికే పాడైంది. తలనొప్పులు, నిద్రలేమి, 1898లో చికిత్సాలయంలో విశ్రాంతి. మరోవైపు కీర్తి పెరుగుతూనే ఉంది. 1900 పారిస్ ప్రదర్శనలో ఆయన ఇంజిన్‌కి అత్యున్నత బహుమతి దక్కింది. అదే ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజిన్ వేరుశనగ నూనెతో నడిచింది. 1912లో సెలాండియా అనే పెద్ద ఓడ డీజిల్ ఇంజిన్లతో మహాసముద్రాలు దాటింది.

ఇంజిన్ లెక్క కుదిరింది కానీ సొంత లెక్క తప్పింది. వచ్చిన డబ్బుని స్థలాల మీద, రకరకాల పెట్టుబడుల మీద పెట్టాడు. మ్యూనిక్‌లో పెద్ద బంగళా కట్టాడు. కేసులు, నష్టాలు. పైగా విమర్శకులు పాత పుస్తకం తిరగేశారు. నువ్వు పేటెంట్ తీసుకున్నది ఒకటి, తయారైన ఇంజిన్ ఇంకొకటి కదా అని నిలదీశారు. 73 దగ్గర మొదలైన మాట ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆయన్ని వదల్లేదు. దానికి జవాబుగా 1913లో తన ఇంజిన్ పుట్టుక గురించి ఒక పుస్తకం రాశాడు.

1913 సెప్టెంబరు 29 సాయంత్రం, లండన్‌లో ఒక కంపెనీ మీటింగ్ కోసం ఆంట్‌వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. తోటివాళ్లతో భోంచేశాడు. పొద్దున్నే నిద్రలేపమని చెప్పి క్యాబిన్‌కి వెళ్లాడు. పొద్దున చూస్తే పరుపు నలగలేదు, మనిషి లేడు. కొన్ని రోజులకి ఒక డచ్ పడవకి సముద్రంలో శవం కనిపించింది. దాని దుస్తుల్లో దొరికిన వస్తువులు నాన్నవేనని కొడుకు గుర్తుపట్టాడు. హత్య అని పుకార్లు లేచాయి. అప్పుల భారంతో ప్రాణం తీసుకున్నాడని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. చేతిలో ఉన్న ఆస్తి కన్నా అప్పే ఎక్కువని ఆయన పోయాకే బయటపడింది. వయసు 55. ప్రతి గ్రాము ఇంధనానికీ లెక్క చెప్పగలిగిన మనిషి తన కష్టం మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. ఉద్యోగం రాలేదనో, ఎడ్యుకేషన్ లోన్ ఉందనో లోలోపల కుమిలిపోయే మిత్రులు ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకోండి. చెప్పుకుంటే భారం తగ్గుతుంది.

టర్బో ఎలా వచ్చింది?

ఇప్పుడు వింటర్‌థూర్‌కి వద్దాం. అల్ఫ్రెడ్ బ్యూషీ అనే స్విస్ ఇంజినీర్ అక్కడివాడే. ఇంజిన్ నుంచి బయటికి పోయే వేడి పొగతో ఒక చక్రం తిప్పి, ఆ చక్రంతో సిలిండర్‌లోకి ఎక్కువ గాలి తోయించవచ్చని 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత డీజిల్ శిక్షణ పొందిన ఆ సుల్జర్ కంపెనీలోనే పనిచేశాడు. అదే టర్బోఛార్జర్. పొగలో పోయే డబ్బుని వెనక్కి లాగడమే ఇద్దరి ఆలోచనా. మొదట ఓడల్లోకి వచ్చింది టర్బో.

కార్లలోకి డీజిల్ రావడానికి సమయం పట్టింది. 1936లో మెర్సిడెస్ 260డి వచ్చింది. ట్యాక్సీవాళ్లకి నచ్చింది. 1978లో అమెరికా మార్కెట్‌కి మెర్సిడెస్ 300ఎస్‌డి అనే టర్బో డీజిల్ సెడాన్ తెచ్చింది. ఆ ఏడాదే అక్కడ కంపెనీ మొత్తం కార్ల సగటు మైలేజ్ గాలనుకు 18 మైళ్లు, అంటే లీటరుకు సుమారు 7.6 కిలోమీటర్లు ఉండాలనే నియమం అమల్లోకొచ్చింది. అలా మైలేజ్ అనే అంకె చట్టమైంది. ఇప్పుడు చిన్న పెట్రోలు ఇంజిన్లకు కూడా టర్బో పెడుతున్నారు. లీటరు ఇంజిన్ అవసరమైనప్పుడు లీటరున్నర ఇంజిన్‌లా లాగుతుంది.

మన సెడాన్ సంగతి

ఇక మొదటి ప్రశ్నకి జవాబు. మన దేశంలో ఇన్నాళ్లుగా కంపెనీలు చెప్తున్న మైలేజ్ రోలర్ల మీద చేసే పరీక్షది. మొత్తం 1180 సెకన్లు, పదిన్నర కిలోమీటర్లు, గరిష్ఠ వేగం 90. సగటు వేగం లెక్కేస్తే గంటకు 32 కిలోమీటర్లే. ఏసీ ఆఫ్. వేగం పెంచడం కూడా చాలా నెమ్మదిగా. ఈ పరీక్షలో టర్బోకి పెద్దగా పని పడదు. చిన్న ఇంజిన్ చిన్న ఇంజిన్‌లాగే తాగుతుంది.

రోడ్డు మీద అలా ఉండదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో మే నెల ఎండకి ఏసీ ఆగదు. బండి కదలకపోయినా ఇంజిన్ తాగుతూనే ఉంటుంది. ఖాళీ దొరకగానే యాక్సిలరేటర్ తొక్కితే టర్బో అందుకుంటుంది. ఎక్కువ గాలి వచ్చిందంటే దానికి తగ్గ ఇంధనమూ పడాలి. పెట్రోలు టర్బోలో ఇంకో చిక్కుంది. లోడ్ పెరిగినప్పుడు నాకింగ్ రాకుండా స్పార్క్ ఆలస్యం చేస్తారు, భాగాలు మరీ వేడెక్కకుండా అదనపు ఇంధనం పోస్తారు. డీజిల్ ఏ హద్దు నుంచి తప్పించుకున్నాడో పెట్రోలు టర్బో మళ్లీ ఆ హద్దుకే తగులుతుంది. విజయవాడ హైవే మీద 90 వేగంలో వెళ్లేది 120కి పెంచితే గాలి నిరోధం దాదాపు 78 శాతం పెరుగుతుంది. నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఇది మీరే లెక్కేసుకోవచ్చు.

అందుకే ఒకే కారు ఒకరికి 18, ఇంకొకరికి 11 ఇవ్వగలదు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. టర్బో కారులో ఆ తేడా ఇంకా ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే అందులో రెండు ఇంజిన్లు ఉన్నట్టు లెక్క. ఏది నడవాలో మీ కుడికాలు నిర్ణయిస్తుంది.

నిజమైన అంకె కావాలంటే ష్రోటర్ పద్ధతే. బంకులో ఆటో కట్ అయ్యేదాకా నింపండి, ట్రిప్ మీటర్ సున్నా చేయండి. 400, 500 కిలోమీటర్లు మీరు మామూలుగా తిరిగే దారుల్లోనే తిరగండి. అదే బంకులో మళ్లీ ఆటో కట్ దాకా నింపండి. 486 కిలోమీటర్లకు 32.4 లీటర్లు పట్టిందనుకోండి, లీటరుకు 15. డ్యాష్‌బోర్డ్ మీద కనిపించే అంకె అంచనా మాత్రమే. ఒక్కసారి కాకుండా మూడు నాలుగు ట్యాంకుల సగటు తీస్తే ఇంకా నమ్మకం.

రెజ్యూమెకీ ఇదే లెక్క

ప్రాజెక్టు గురించి రెజ్యూమెలో సామర్థ్యం 40 శాతం పెంచాం అని రాసేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. దేనితో పోల్చి? ఏ లోడ్ మీద? ఎవరు కొలిచారు? వీటికి జవాబుంటే అంకె చిన్నదైనా పర్లేదు. సిమ్యులేషన్‌లో 40 వచ్చింది, ల్యాబ్‌లో కొలిస్తే 14 వచ్చింది, తేడాకి కారణాలివి అని చెప్పగలిగితే ప్యానెల్ మీ వైపు తిరిగి కూర్చుంటుంది. కోడ్ రాసేవాళ్లకీ అంతే. మీ ల్యాప్‌టాప్‌లో వచ్చిన స్పీడు వేరు, వెయ్యిమంది ఒకేసారి వాడితే వచ్చే స్పీడు వేరు.

పెద్ద ఓడల డీజిల్ ఇంజిన్ల సామర్థ్యం ఇప్పుడు 50 శాతం దాటింది. 130 ఏళ్లు, ఎన్నో కంపెనీలు, ఎందరో ఇంజినీర్లు కష్టపడ్డా 73 ఇంకా అందలేదు. లెక్కల్లో వచ్చిన 73 పేటెంట్ తెచ్చింది, పెట్టుబడి తెచ్చింది. ప్రపంచంలోని ఫ్యాక్టరీల్నీ, ఓడల్నీ, బస్సుల్నీ నడిపింది మాత్రం పరీక్షలో నెగ్గిన 26.